మాంబిలా దారుప్రతిమ: ‘పూర్వీకుల బొమ్మ’ అనే పేరుపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

నైజీరియా, కామెరూన్ దేశాల సరిహద్దున నివసించే మాంబిలా ప్రజల దారుప్రతిమలు ఐరోపా, అమెరికాల్లోని ప్రదర్శనశాలల్లో తరచుగా ‘పూర్వీకుల బొమ్మలు’ అనే పేరుతో కనిపిస్తాయి. ఆ ప్రజల మధ్య ఉండి పరిశోధించినవారి రచనలు మాత్రం ఈ ప్రతిమలను మృతుల ఆరాధనకన్నా ‘సువా’ అనే ప్రమాణ వ్యవస్థకు, దాని మాస్కుల ఉత్సవానికి దగ్గరగా నిలుపుతున్నాయి. ఈ ప్రతిమల రూపం, అవి ఉండిన చోటు, మాంబిలా బంధుత్వ వ్యవస్థ, అవి విదేశాలకు చేరిన మార్గం అనే నాలుగు అంశాల ఆధారంగా ఆ పేరు ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక వస్తువుకు పెట్టిన పేరు దాని యాజమాన్యాన్నీ, ప్రదర్శన మర్యాదనూ ఎలా ప్రభావితం చేస్తుందో చివరి భాగం చర్చిస్తుంది.

కీలక పదాలు: మాంబిలా, దారుశిల్పం, తాదెప్, సువా, పూర్వీకులు, ప్రదర్శనశాల, ప్రమాణం

1. ఉపోద్ఘాతం

ప్రదర్శనశాలలో ఒక వస్తువు పక్కన ఉండే చిన్న చీటీలో సాధారణంగా నాలుగైదు మాటలకు మించి ఉండవు. ఏ ప్రజలది, ఏ దేశానిది, దేనితో చేసినది, ఏ కాలానిది, దేనికి వాడినది అనే వివరాలు అందులో ఉంటాయి. చూడవచ్చినవారిలో ఎక్కువమంది ఆ వస్తువును గురించి జీవితం మొత్తం మీద తెలుసుకునేది ఆ నాలుగైదు మాటలే. అందుచేత ఆ మాటల్లో ఒకటి సందేహాస్పదమైనప్పుడు దానిని పరీక్షించడం పరిశోధకుల బాధ్యత అవుతుంది.

మాంబిలా దారుప్రతిమల విషయంలో సందేహానికి తావిచ్చే మాట ‘పూర్వీకులు’. ఈ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ‘పితృదేవతా విగ్రహం’ అని అనువదించిన వెంటనే తద్దినం, తర్పణం, పిండప్రదానం, గోత్రం అన్నీ ఆ మాట వెంట వచ్చి చేరతాయి. ‘విగ్రహం’ అనగానే ప్రాణప్రతిష్ఠ, నైవేద్యం, నిత్యపూజ స్ఫురిస్తాయి. వీటిలో ఏదీ మాంబిలా వస్తువుకు చెందినది కాదు. ఆ కారణంగా ఈ వ్యాసంలో ‘ప్రతిమ’, ‘బొమ్మ’ అనే సామాన్య పదాలనే వాడుతున్నాను.

2. ప్రతిమ రూపం

మాంబిలా ప్రతిమలు సాధారణంగా చిన్నవి. జానెడు నుంచి మూరెడు ఎత్తు వరకు ఉంటాయి. మొత్తం ఆకృతిలో తలదే పెద్ద భాగం. ముఖం లోపలికి నొక్కినట్లు పుటాకారంగా ఉండి, కనుబొమల నుంచి గడ్డం దాకా తమలపాకును తలపిస్తుంది. నడినెత్తిన మేకుల్లాంటి చిన్న కర్రముక్కలు వరుసగా గుచ్చి ఉంటాయి. వీటిని జుట్టుకు సంకేతంగా భావిస్తారు. చేతులు పొట్టివి, తరచుగా మోచేతుల వద్ద వంగి పొట్ట వైపు తిరుగుతాయి. మోకాళ్లు కూడా వంగి ఉంటాయి. ఈ వంపుల వల్ల పక్కనుంచి చూసినప్పుడు శరీరం కోణాల వరుసలా కనిపిస్తుంది. నిలబడిన బొమ్మ అయినా ఇప్పుడే కదలబోతున్నదేమో అన్న భావన కలుగుతుంది.

ఒంటిమీద ఎరుపు, తెలుపు, నలుపు రంగుల జాడలు ఉంటాయి. మధ్య ఆఫ్రికా పశ్చిమ భాగంలో ఎరుపునకు వాడే పదార్థాల్లో ఒకటి కలప పొడి. అది వచ్చే చెట్లు మన ఎర్రచందనం ప్రజాతికే చెందినవి. రంగులు పొరలు పొరలుగా పేరుకుపోయిన ప్రతిమలూ ఉన్నాయి. రంగును ఒక్కసారి వేసి వదిలేయలేదని, మళ్లీ మళ్లీ వేశారని ఆ పొరలు సూచిస్తాయి. మాంబిలా మాస్కులను ప్రతి ప్రదర్శనకు ముందూ కొత్తగా రంగులు వేసి సిద్ధం చేస్తారు. ప్రతిమల మీదా, మాస్కుల మీదా అవే మూడు రంగులు కనిపించడం గమనించదగినది.

ఈ ప్రతిమల్లో రెండు రకాలున్నాయి. మెత్తని కర్రతో చెక్కినవాటిని ‘తాదెప్’ అంటారు. రాఫియా అనే తాటిజాతి చెట్టు మట్టలోని బెండుతో చేసినవి ‘కికె’. బెండు బొమ్మ తేలికైనది, త్వరగా పాడైపోతుంది. దానిని మళ్లీ చేసుకోవలసిందే. రెండు రకాలూ తరచుగా జంటలుగా, ఒకటి మగ, ఒకటి ఆడ రూపంగా ఉండేవి.

ఈ చివరి వివరాలు మన ప్రశ్నకు సంబంధించినవి. ఫలానా తాతను, ఫలానా ముత్తవ్వను స్మరించేందుకు బొమ్మ చేయిస్తే, దానిలో ఆ వ్యక్తిని గుర్తించే ఆనవాలు ఏదో ఒకటి ఉంటుందని, అది తరాలపాటు నిలవాలని ఆశించడం సహజం. మెత్తని కర్ర, బెండు, పాడైతే మార్చుకునే అలవాటు, వ్యక్తి ఆనవాలు లేని జంట రూపం ఆ ఊహకు అనుకూలంగా లేవు. అయితే రూపం ఒక్కటే సాక్ష్యంగా చాలదు. ఆ వస్తువులు పుట్టిన నేలకూ, అవి ఉండిన చోటుకూ వెళ్లాలి.

3. నేల, ప్రజలు, చరిత్ర

నైజీరియాలోని తరాబా రాష్ట్రంలో, సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున మాంబిలా పీఠభూమి ఉన్నది. దానిపై ప్రధాన పట్టణం గెంబు. తూర్పు దిక్కుగా పీఠభూమి అంచు దిగితే కామెరూన్‌లోని తికార్ మైదానం వస్తుంది. అక్కడి గ్రామాల్లోనూ మాంబిలా ప్రజలు ఉన్నారు. వారి భాష బాంటాయిడ్ శాఖకు చెందినది. ఆఫ్రికా ఖండంలో విస్తారంగా వ్యాపించిన బంటు భాషలు మొదలైనది ఈ సరిహద్దు ప్రాంతాల నుంచేనని భాషా చరిత్రకారుల అభిప్రాయం.

19వ శతాబ్దిలో బాన్యో మొదలైన కేంద్రాల నుంచి ఫులాని పాలకుల దాడులు ఈ ప్రజలను అతలాకుతలం చేశాయి. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో జర్మన్ వలస అధికారం ఇక్కడికి చేరింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మన్ కామెరూన్‌ను బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. మాంబిలా నేల మధ్యగా గీత పడింది. 1961 ఫిబ్రవరిలో ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ అనంతరం బ్రిటిష్ పాలనలోని ఉత్తర భాగం నైజీరియాలో కలిసింది. దానితో ఆ పాత గీత రెండు స్వతంత్ర దేశాల సరిహద్దుగా స్థిరపడింది. ఇదే శతాబ్దిలో క్రైస్తవం, ఇస్లాం రెండూ ఇక్కడ వేళ్లూనుకున్నాయి.

‘మాంబిలా శైలి’ అనే మాటను కూడా ఈ నేపథ్యంలో జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. పుటాకార ముఖం, వంగిన కాళ్లు, పేరుకున్న పైపూత ఇరుగుపొరుగు ప్రజల శిల్పాల్లోనూ కనిపిస్తాయి. వాణిజ్యంలో ‘కాకా’ అనే పేరుతో చలామణి అయ్యే బొమ్మలు ఇందుకు ఒక ఉదాహరణ. ప్రతి తెగకూ ఒక విడి శైలి ఉంటుందన్న ఊహను సిడ్నీ కాస్ఫిర్ 1984లోనే ప్రశ్నించారు. కర్ర చెక్కేవారు, కొనేవారు, పెళ్లి చేసుకుని వెళ్లేవారు, దాడులకు తాళలేక తరలిపోయేవారు తెగల గీతలు దాటుతూనే ఉంటారు. ‘మాంబిలా’ అనే గుర్తింపే ఇంత సడలికగలది అయినప్పుడు, ఆ పక్కనే ఉన్న ‘పూర్వీకులు’ అనే మాటను మరింత నిశితంగా చూడవలసి ఉంటుంది.

4. క్షేత్ర పరిశోధకుల సాక్ష్యం

మాంబిలా ప్రజల గురించి ఆంగ్లంలో వెలువడిన తొలి విస్తృత రచనల్లో ఒకటి సి.కె. మీక్ 1931లో ప్రచురించిన ఉత్తర నైజీరియా తెగల అధ్యయనంలోనిది. బ్రిటిష్ పాలనా యంత్రాంగంలో భాగమైన మానవశాస్త్రజ్ఞుడిగా ఆయన పని చేశారు. ఆ తరువాత బాప్టిస్టు మిషనరీలు పాల్ గెబావర్, గిల్బర్ట్ ష్నైడర్ ఈ ప్రాంతపు వస్తువులను సేకరించారు, ఛాయాచిత్రాలు తీశారు, పేర్లు నమోదు చేశారు. మాంబిలా కళపై ష్నైడర్ వ్యాసం 1955లో నైజీరియాకు సంబంధించిన ఒక పత్రికలో వచ్చింది. గెబావర్ సమగ్ర గ్రంథం కామెరూన్ కళపై 1979లో వెలువడింది.

1953లో పీఠభూమిపై పరిశోధన చేసిన ఫార్న్‌హమ్ రెఫిష్ దృష్టి శిల్పం మీదకన్నా సమాజ నిర్మాణం మీద నిలిచింది. 1985 నుంచి కామెరూన్ వైపున సోమియే గ్రామంలో పరిశోధిస్తూ వచ్చిన డేవిడ్ జైట్లిన్ మాంబిలా మతం, భాష, సోదె చెప్పే పద్ధతులు, చరిత్రలపై విస్తారంగా రాశారు. మాంబిలా బొమ్మలను, మాస్కులను అర్థం చేసుకోవడంలోని సమస్యలపై ఆయన 1994లో ప్రచురించిన వ్యాసం మన చర్చకు కీలకమైనది.

ఈ రచనల నుంచి తేలే ముఖ్యాంశం ప్రతిమల స్థానానికి సంబంధించినది. ఈ బొమ్మలు సువా ఉత్సవ సామగ్రికి, అంటే మాస్కులకు, వాటి దుస్తులకు, ఇతర పరికరాలకు అనుబంధంగా కనిపిస్తాయి. ఆ సామగ్రి అందరి కంటా పడకూడనిది. స్త్రీలు, ఆ రహస్యంలోకి ప్రవేశం పొందని బాలురు పురుషుల సువా సామగ్రిని చూడరాదు. దానిని దాచిన చోట జంటగా నిలిచిన బొమ్మలు ‘ఇక్కడ నుంచి లోపలికి రావద్దు’ అని చెప్పే కాపలాదారుల స్థానంలో ఉన్నాయని అర్థం చేసుకోవడం, ఎవరో ఒక తాత స్మృతిచిహ్నాలుగా భావించడం కన్నా, అవి ఉండిన చోటుకు ఎక్కువగా పొసగుతుంది.

జైట్లిన్ సోమియే చేరేనాటికి ఈ బొమ్మల వాడకం చాలావరకు గతంలో కలిసింది. సువా మాత్రం నిలిచి ఉన్నది. ‘పూర్వీకుల బొమ్మలు’ అనే వర్గీకరణకు క్షేత్ర సాక్ష్యం బలహీనంగా ఉన్నదని, మాంబిలా మతంలో పూర్వీకులకు అటువంటి కేంద్రస్థానం లేదని ఆయన వాదించారు. మరణం, కలలు, పూర్వీకులు అనే మూడింటికీ మాంబిలా సంస్కృతిలో ఉన్న సంబంధాన్ని రెఫిష్ 1969లో వెలువడిన ఒక వ్యాసంలో ప్రత్యేకంగా చర్చించారు. అంటే, మాంబిలా జీవితంలో చనిపోయినవారి స్థానం విడిగా విచారించి తేల్చవలసిన ప్రశ్న అని పరిశోధకులు ముందునుంచే గుర్తించారు. ప్రదర్శనశాల చీటీ ఆ విచారణను దాటవేసి జవాబును ముందే రాసేసింది.

5. సువా: మాట మీద నిలిచిన వ్యవస్థ

బొమ్మలు దేనికి అనుబంధంగా ఉన్నాయో తెలిస్తేనే వాటి ప్రయోజనం బోధపడుతుంది. ‘సువా’ అనే మాటకు ఒకే తెలుగు సమానార్థకం దొరకదు. ఒట్టు వేసే క్రియ సువా. మాస్కులతో జరిగే ఉత్సవమూ సువాయే. ఆ ఒట్టుకు శక్తినిచ్చే సామగ్రికీ అదే పేరు.

గ్రామంలో దొంగతనమో, చేతబడి ఆరోపణో, కుటుంబ కలహమో తలెత్తి, ఎవరి మాట నిజమో తేలనప్పుడు సువాపై ప్రమాణం చేయిస్తారు. ‘నేను ఈ తప్పు చేసి ఉంటే, ఇకపై చేస్తే, సువా నన్ను పట్టుగాక’ అనే భావంతో సంబంధితులు మాట ఇస్తారు. కోడి తల తెగుతుంది. ఆ తరువాత శిక్షించే భారం మనుషులది కాదు. అబద్ధమాడినవాడిని సువా చూసుకుంటుంది. ఈ ప్రమాణంతో గతం గురించిన సాక్ష్యంతో పాటు భవిష్యత్తుకు కట్టడి కూడా ఏర్పడుతుంది. తగవు తీర్చి మనుషులను మళ్లీ ఒకే ఊరిలో కలిసి బతకనివ్వడం దీని సామాజిక ప్రయోజనం.

మాస్కుల ఉత్సవం ఈ వ్యవస్థకు బహిరంగ రూపం. తలపై టోపీలా ధరించే మాస్కులు ప్రధానంగా జంతువులను, పక్షులను తలపిస్తాయి. తెరచిన పొడవైన దవడలు ముందుకు సాగి ఉంటాయి. సోమియేలో పురుషుల సువాతో పాటు స్త్రీల సువా కూడా ఉన్నది. ఒక ఏడు పురుషులది, మరొక ఏడు స్త్రీలది జరుగుతుంది. ఒకరి రహస్యం మరొకరికి నిషిద్ధం. స్త్రీలకు తమదైన సువా ఉన్నదన్న సంగతి మాస్కులను మాత్రమే సేకరించిన ప్రదర్శనశాలల్లో దాదాపు కనిపించదు.

సత్యాన్ని తేల్చే మరొక మాంబిలా పద్ధతి సాలీడు సోదె. నేలలో బొరియ చేసుకుని ఉండే పెద్ద సాలీడు కలుగు వద్ద అడుగు లేని కుండను బోర్లించి, గుర్తులు కత్తిరించిన ఆకు ముక్కలను లోపల ఉంచుతారు. ఒక పుల్లను, ఒక రాయిని రెండు జవాబులకు సంకేతాలుగా పెడతారు. సాలీడు బయటికి వచ్చి ఆకులను కదిలించిన తీరును బట్టి సోదె చెప్పేవాడు జవాబు తీస్తాడు. ఒకే ప్రశ్నను మార్చి మార్చి అడుగుతాడు. జవాబులు ఒకదానికొకటి విరుద్ధంగా వస్తే ఆ సాలీడు మాటను పక్కన పెడతాడు.

ఈ రెండు వ్యవస్థలను కలిపి చూస్తే మాంబిలా మతం ప్రధానంగా దేనిపై ఆధారపడిందో స్పష్టమవుతుంది. ఎవరు నిజం చెబుతున్నారు, మాట ఇచ్చినవాడు దానికి ఎలా కట్టుబడతాడు అన్నవి ఇక్కడి మూల ప్రశ్నలు. రూపాన్ని నిలిపి కొలవడం ఇందులో ప్రధానాంశం కాదు. సువా సామగ్రి వద్ద నిలిచిన బొమ్మ ఈ దృష్టితో చూసినప్పుడు గ్రామం తన మాటను భద్రపరచుకున్న చోటికి కాపలాగా కనిపిస్తుంది.

6. ‘పూర్వీకులు’ అనే భావన

ఆఫ్రికాలో మరికొన్ని చోట్ల పూర్వీకుల ప్రతిమలు నిజంగానే ఉన్నాయి. కాంగో తూర్పు భాగంలోని హెంబా ప్రజల నిలబడిన పురుష ప్రతిమలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఫ్రాన్స్వా నైట్ 1977లో ప్రచురించిన అధ్యయనం వాటిని వంశాధిపతుల స్మృతితో ముడిపెట్టింది. గాబన్ ప్రాంతపు ఫాంగ్ ప్రజల బొమ్మలది మరొక తరహా. చనిపోయిన పెద్దల కపాలాలను భద్రపరచిన బెరడు పెట్టెపై ఆ బొమ్మ కూర్చునేది. పూజ్యమైనవి అస్థికలు. బొమ్మ వాటికి కాపలా. ఒకచోట వ్యక్తికి ప్రతిరూపం, మరొకచోట అవశేషాలకు రక్షణ, మాంబిలాలో ఉత్సవ సామగ్రి దగ్గర నిలిచిన జంట. ఈ మూడింటినీ ‘పూర్వీకుల బొమ్మ’ అనే ఒకే గంపలో వేస్తే వాటి మధ్య ఉన్న తేడా అదృశ్యమవుతుంది.

‘పూర్వీకులు’ అనే వర్గమే ఆఫ్రికాకు అన్నిచోట్లా వర్తిస్తుందా అన్న ప్రశ్నను ఇగోర్ కొపిటాఫ్ 1971లో లేవనెత్తారు. కాంగో నైరుతి భాగంలోని సుకు ప్రజల భాషలో బతికి ఉన్న పెద్దవారికి, చనిపోయిన పెద్దవారికి వాడే మాట ఒకటేనని ఆయన చూపించారు. చావు అక్కడ పెద్దరికాన్ని తుంచదు. ‘పూర్వీకుల ఆరాధన’ అనే మాట పాశ్చాత్య పరిశీలకుడు గీసిన గీత అని ఆయన వాదం. తెలుగు పాఠకుడికి ఈ వాదం అర్థం కావడానికి వేరే ఉదాహరణ అవసరం లేదు. ‘పెద్దలు’ అనే మన మాట ఊరి పంచాయతీలో కూర్చున్నవారికీ, పెద్దల అమావాస్యనాడు పేరు తలచుకుని బియ్యం, కూరలు ఇచ్చేవారికీ ఒక్కటే. ఆ మాటను ‘పూర్వీకులు’ అని మార్చి రాస్తే మన వాడుకలోని సగం అర్థం జారిపోతుంది.

మాంబిలా విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. పూర్వీకుల ప్రతిమ ఉండాలంటే ముందు ‘ఎవరి పూర్వీకులు’ అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉండాలి. పీఠభూమిపై బంధుత్వం ఒకే వంశరేఖ వెంట నడవదని రెఫిష్ 1960లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. తల్లి వైపు, తండ్రి వైపు అనేక రేఖల ద్వారా మనిషికి ఒకటికి మించిన బృందాలతో సంబంధం ఉంటుంది. వివాహం ఏ పద్ధతిలో జరిగిందన్నదానిపై కూడా పిల్లలు ఎవరికి చెందుతారన్నది ఆధారపడేది. ఒక వంశం, దానికొక మూలపురుషుడు, ఆయనకొక బొమ్మ అనే క్రమం ఇటువంటి సమాజానికి సులభంగా అమరదు. ఒకే ఊరిలో ఉంటూ సువాపై మాట ఇచ్చినవారందరికీ ఉమ్మడిగా చెందే వస్తువు అనే భావన దానికి మరింత సహజమైనది.

7. పేరు ఎలా స్థిరపడింది

ఇన్ని అభ్యంతరాలున్నా ఆ పేరు ఎందుకు నిలిచింది? దీనికి కారణాలు వస్తువుల ప్రయాణంలో దొరుకుతాయి. తొలి సేకరణకర్తల్లో మిషనరీలు, అధికారులు ఉన్నారు. వారిలో కొందరు స్థానిక పేర్లు రాసుకున్నారు. తరువాతి దశలో వస్తువులు వర్తకుల చేతుల మీదుగా కదిలాయి. 1967–70 నాటి నైజీరియా అంతర్యుద్ధ కాలంలోనూ, ఆ తరువాతా తూర్పు నైజీరియా ప్రాంతపు కళావస్తువులు కామెరూన్ మార్గంగా ఐరోపా విపణికి పెద్ద ఎత్తున చేరాయి. ఒక చేతినుంచి మరొక చేతికి మారిన ప్రతిసారీ వస్తువు వెనక ఉన్న వివరం కొంత తరిగింది. చెక్కినవారి పేరు, ఊరి పేరు, ఉండిన చోటు ముందుగా పోయాయి. చివరకు మిగిలేది తెగ పేరు, ఒక సాధారణ ప్రయోజనం.

ఆ ఖాళీని నింపడానికి ‘పూర్వీకుల బొమ్మ’ అనుకూలమైన మాట. అది గంభీరంగా ధ్వనిస్తుంది. కొనేవారికి పాతదనాన్ని, పవిత్రతను స్ఫురింపజేస్తుంది. కాపలా బొమ్మ, అందులోనూ పాడైతే మార్చుకునేది అంటే ఆ గౌరవం ఉండదు. తెలియని దానికి పెట్టిన తాత్కాలికమైన పేరు ఒక పట్టిక నుంచి మరొక పట్టికలోకి ఎక్కి క్రమంగా నిర్ధారణగా మారింది.

చట్టాలు కూడా ఇందుకు సమాంతరంగా నడిచాయి. నైజీరియాలో పురావస్తువుల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసిన శాసనం 1953లో వచ్చింది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను నిరోధించే యునెస్కో ఒడంబడిక 1970లో రూపొందింది. నైజీరియా, కామెరూన్ రెండూ 1972లో దానిలో చేరాయి. కాని విదేశీ సంగ్రహాల్లోని అనేక మాంబిలా వస్తువులు సరిహద్దు దాటినది యుద్ధం, రెండు దేశాల మధ్య అదుపు లేని కొండదారులు కలిసిన కాలంలో. ఆ దారిలో పత్రాలు పుట్టవు. పత్రం లేనిచోట పేరే పత్రంగా చెల్లింది.

8. పేరు మారితే మారేది ఏమిటి

ఒక మాట గురించి ఇంత చర్చ అవసరమా అని అనిపించవచ్చు. మూడు కారణాల వల్ల అవసరమే.

మొదటిది యాజమాన్యం. 2018లో ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఫెల్విన్ సార్, బెనెదిక్త్ సవాయ్ సమర్పించిన నివేదిక తరువాత ఆఫ్రికా వస్తువుల తిరిగి అప్పగింత అంతర్జాతీయ చర్చనీయాంశమైంది. ఒక ప్రతిమను తిరిగి ఇవ్వదలిస్తే ఎవరికి ఇవ్వాలి? అది పూర్వీకుడి ప్రతిమ అయితే ఆ వంశస్థులకు హక్కు ఉంటుంది. సువా సామగ్రికి అనుబంధమైతే గ్రామ సమష్టికి, ఆ ఉత్సవాన్ని నడిపే పెద్దలకు హక్కు ఉంటుంది. రెండు దేశాల మధ్య చీలిన ప్రజల విషయంలో ఈ తేడా మరింత క్లిష్టమవుతుంది. తప్పు పేరు తప్పు వారసుణ్ణి వెతికిస్తుంది.

రెండవది ప్రదర్శన మర్యాద. పురుషుల సువా సామగ్రిని స్త్రీలు చూడరాదన్న నియమం ఉన్న సమాజపు వస్తువును అద్దాల పెట్టెలో అందరి ముందు ఉంచినప్పుడు, కనీసం ఆ నియమం ఉండేదన్న సంగతి చీటీలో ఉండాలి. ‘పూర్వీకుల బొమ్మ’ అన్న పేరు ఆ ప్రశ్ననే రానివ్వదు. పూర్వీకులు అందరికీ చెందినవారన్న భావన చూపరికి అభ్యంతరం లేకుండా చేస్తుంది. నిషేధాన్ని పాటించాలా లేదా అన్నది ఆ ప్రజలతో మాట్లాడి తేల్చవలసిన విషయం. సువాను పాటిస్తూ వచ్చినవారితోనే ఆ మాట జరగాలి.

మూడవది జ్ఞానం. పేరు నిర్ధారణలా కనిపించినప్పుడు ఎవరూ మళ్లీ అడగరు. పైపూత పొరల్లో ఏ పదార్థాలున్నాయి, ఎన్నిసార్లు పూశారు, జంటలో విడిపోయిన రెండవ బొమ్మ ఏ సంగ్రహంలో ఉన్నది అన్నవి ఈనాటికీ శోధించదగిన ప్రశ్నలు. ప్రదర్శనశాలల్లో ఒంటరిగా నిలిచిన మాంబిలా బొమ్మలు అనేకం. జంటగా ఉండవలసిన దానిని విడదీసి అమ్మినప్పుడు దాని అర్థంలో సగం అక్కడే తెగిపోయింది. ‘పూర్వీకుడు’ అని ఏకవచనంలో పిలిస్తే ఆ లోటు కనపడదు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి. మెత్తని కర్ర, బెండు, జంట రూపం, మళ్లీ మళ్లీ పూసిన రంగులు ఈ ప్రతిమలను వ్యక్తి స్మారకాలుగా భావించడానికి బలమిచ్చేవి కావు. క్షేత్ర పరిశోధకుల రచనలు వీటిని సువా సామగ్రికి అనుబంధంగా చూపుతున్నాయి. మాంబిలా బంధుత్వం ఒకే వంశరేఖపై నడవదు కనుక మూలపురుషుడి ప్రతిమ అనే ఊహకు సామాజిక ఆధారం కూడా పలుచనే. ఆ పేరు వాడుకలో స్థిరపడటంలో వస్తువుల వాణిజ్య ప్రయాణానికి ప్రధాన పాత్ర ఉన్నది.

కనుక ఈ ప్రతిమల చీటీపై ‘జంట ప్రతిమల్లో ఒకటి, సువా ఉత్సవ సామగ్రికి సంబంధించినది’ అని రాయడం సమంజసం. ఆ వాక్యంలో గాంభీర్యం తక్కువ, సమాచారం ఎక్కువ. ఆ వాక్యం చదివినవారికి సువా అంటే ఏమిటి, జంటలో రెండవది ఏమైంది అన్న రెండు ప్రశ్నలు పుడతాయి. మొదటి ప్రశ్న వారిని నేటికీ ఆ కొండల్లో, ఆ మైదానంలో జీవిస్తున్న ప్రజల వద్దకు నడిపిస్తుంది. రెండవది ఆ బొమ్మ తమ ముందుకు ఎలా వచ్చిందో విచారించమంటుంది. మాటకు కట్టుబడటాన్నే మతానికి కేంద్రంగా నిలుపుకున్న ప్రజల వస్తువు గురించి మనం రాసే నాలుగు మాటలు కూడా సాక్ష్యానికి కట్టుబడి ఉండటం న్యాయం.